లర్చాయణం

హైదరాబాద్‌లోని మా మన్సూరాబాద్‌లో గల్లీకో కర్రీ పాయింటు, కాలనీకో సంక్షేమ సంఘం, ఇంటికో ఇంగ్లిష్ పిచ్చి తప్పనిసరి. ఆ పిచ్చి నాకు ముదిరినంతగా ఇంకెవరికీ ముదరలేదని మా ఇంటామె అభిప్రాయం. ఆమె అభిప్రాయాలన్నీ తీర్పులే కనుక అప్పీలు లేదు.

పిచ్చికి కారణం ఉంది. నేను చదివింది నల్లగొండ జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూల్లో, తెలుగు మీడియం. పదో తరగతి ఇంగ్లిష్ పరీక్షలో గట్టెక్కానంటే అది గైడు చలవ. ఉద్యోగంలో చేరాక వంటబట్టిన ఇంగ్లిష్ మొత్తం ఫైళ్లది. ‘విత్ రిఫరెన్స్ టు ద సబ్జెక్ట్ సైటెడ్’ అని మొదలుపెట్టి ‘ప్లీజ్ డు ద నీడ్‌ఫుల్’ అని ముగిస్తే చాలు, మధ్యలో ఏం రాసినా పైవాళ్లు చదవరు. ఆ రెండు ముక్కలతో రిటైర్మెంట్ దాకా నిక్షేపంగా లాక్కురావచ్చు. ఇంట్లో డిగ్రీ చదివే ఆడపిల్ల లేకుంటే.

మా అమ్మాయి ఇంగ్లిష్ లిటరేచర్ తీసుకుంది. ఒక సాయంత్రం పుస్తకం ఒళ్లో పెట్టుకుని తనలో తనే పడీపడీ నవ్వుతోంది. పాఠ్యపుస్తకం చదివి నవ్వే వంశం కాదు మాది. ఏంటని అడిగితే కథ చెప్పింది. బైరన్ అనే ఇంగ్లిష్ కవి ‘డాన్ జువాన్’ అని ఒక కావ్యం రాశాడు. మొదటి రెండు సర్గలూ 1819లో అచ్చయ్యాయి. రెండో సర్గలో పడుచు కథానాయకుడు స్పెయిన్ వదిలి ఓడెక్కుతాడు. ప్రియురాలి ఉత్తరం చేతబట్టుకుని, లోకాలు తలకిందులైనా నిన్ను మరవనన్న ధోరణిలో విలపిస్తుంటాడు. సరిగ్గా అప్పుడు ఓడ ఒక్కసారిగా పక్కకు ఒరిగి ఓ కుదుపు కుదుపుతుంది. అంతే, గుండెల్లో ఉన్న విరహం కాస్తా కడుపులోకి దిగుతుంది. ప్రియురాలి పేరు పలకాల్సిన నోటికి వాంతి అడ్డం వస్తుంది.

“ఇక్కడ షిప్ లర్చ్ అయింది డాడీ, అందుకే ఆ కామెడీ” అంది.

“అవునవును, లర్చ్ కాకుండా ఎట్లుంటుంది?” అన్నాను గంభీరంగా.

“లర్చ్ అంటే తెలుసా?”

“సందర్భాన్ని బట్టి మారుతుంది.”

తెలియని ఇంగ్లిష్ మాటలన్నిటికీ మా హైస్కూల్ సారు చెప్పిన అర్థం అదే. అది ఎప్పుడూ తప్పు కాదు. పిల్ల మాత్రం ‘సరేలే’ అన్నట్టు చూసింది. అందరూ పడుకున్నాక ఫోన్ వెలుతురు దుప్పటి దాటకుండా కప్పుకుని వెతికాను. లర్చ్ అంటే ఉన్నట్టుండి అదుపు తప్పి ఒక పక్కకో ముందుకో తూలడం. మొదట్లో నావికుల మాట. గాలి వాలుకు ఓడ హఠాత్తుగా ఒరిగితే అలా అనేవాళ్లు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో వాడుకలోకి వచ్చి, తరవాత ఒడ్డుకు దిగి, తాగుబోతులకూ బండ్లకూ ప్రభుత్వాలకూ అంటుకుంది.

కొత్త ఇంగ్లిష్ మాటకు మా ఇంట్లో కొత్తల్లుడి హోదా దక్కుతుంది. ఎవరొచ్చినా చూపించాలి, ప్రతి పూటా ముందు వడ్డించాలి. తెల్లారేసరికి ఇంట్లో లర్చ్ కాని వస్తువు లేదు. సీలింగ్ ఫ్యాన్ లర్చ్ అవుతోందన్నాను. గ్యాస్ ధర చూస్తే గుండె లర్చ్ అయిందన్నాను. పాలవాడు సైడ్ స్టాండ్ సరిగ్గా వేయక బండి ఒరిగితే బాల్కనీ నుంచే “లర్చ్! లర్చ్!” అని కేకేశాను. అతను ఎవరినో పిలుస్తున్నాననుకుని అటూ ఇటూ చూశాడు. పాలు పోయాయి, మాట మాత్రం నిలిచింది.

వాషింగ్ మెషీన్ నాకు పండగే తెచ్చింది. గుడ్డలు పిండే దశకు వచ్చేసరికి అది గడగడమంటూ బాత్రూం నుంచి వంటింటి వైపు నడక మొదలుపెడుతుంది. “చూశావా, దీన్నే లర్చింగ్ అంటారు” అని మా ఇంటామెకు వివరించబోయాను. ఆమె వినకుండానే మూత తీసి, ఒకే మూలకు ముద్దగా చేరిన తడి దుప్పటిని విడదీసి చుట్టూ సర్ది, మెషీన్ కింద వదులైన కాలు మర చేత్తో తిప్పి బిగించింది. మెషీన్ కదలకుండా నిలబడింది. డ్రమ్ములో బరువు ఒక పక్కకే చేరితే తిరిగేటప్పుడు ఆ పక్కకే గుంజుతుంది, పెట్టె మొత్తాన్ని ఈడుస్తుంది. ఈ సంగతి నేను ఆ తరవాత చదువుకున్నాను. ఆమెకు చదవకుండానే తెలుసు.

మా అమ్మ ఊరి నుంచి వచ్చి మా దగ్గరే ఉంటోంది. మంచం మీద కూచుని పొద్దుటి నుంచీ ఈ లర్చ్ పురాణం వింటూనే ఉంది. చివరికి అడిగింది. “ఏంది కొడుకా, పొద్దుగూకులు గా ఒక్క మాటనే ఒర్రుతున్నవ్?”

చెప్పాను. నోటితో చెబితే చాలదని హాల్లో నడిచి, సోఫా దగ్గర ఒక్కసారిగా తూలి అభినయించాను కూడా.

“గిదేనా? మరి గన్నిటికి ఒక్క మాటనేనా ఆళ్లకు? పాపం” అని జాలిపడింది. ఆ తరవాత ఆమె ఒక్కొక్కటీ ఏరి ముందు పెట్టింది. కల్లు తాగినోడు తూలుతడు. నిద్రొచ్చినోడు జోగుతడు. ఎండదెబ్బ తాకితే మనిషి సోలుతడు. నిండు బిందె తొణుకుతది. గతుకుల తొవ్వల ఎడ్లబండి కుదుపుతది. గడ్డి బండి ఒరుగుతది. చీకట్ల కాలు తడబడుతది. వాగు దాటంగ నీళ్ల జోరుకు మనిషి ఊగుతడు. ఏ వస్తువు ఎందుకు తూలిందో, ఎటు తూలిందో మాటలోనే తెలిసిపోతుంది. మళ్లీ సందర్భాన్ని బట్టి చూసుకునే పనే లేదు.

“అమ్మా, ఇవన్నీ తెలుగు మాటలే” అన్నాను, ఓడిపోతున్నవాడి చివరి వాదన అదే గనక.

“మరి నువ్వు పుట్టింది ఏ దేశంల?” అంది.

పరువు నిలబెట్టుకోవడానికి ఇంకో మెట్టు ఎక్కాను. లర్చ్‌కు ఒక నుడికారం కూడా ఉంది. ‘లీవ్ ఇన్ ద లర్చ్’ అంటే కష్టంలో ఉన్నవాళ్లను నడిమధ్యలో వదిలేసి పోవడం. ఇక్కడ చిత్రమేమిటంటే ఈ లర్చ్ వేరు, ఆ లర్చ్ వేరు. రెండూ ఒకే అక్షరాల్లో కాపురం చేస్తున్న వేర్వేరు కుటుంబాలు. నుడికారంలోది ఫ్రెంచివాళ్ల పాత పాచికల ఆట పేరు నుంచి వచ్చింది. ఆ ఆటలో ఎదుటివాడికంటే బాగా వెనకబడి చిత్తుగా ఓడినవాడు లర్చ్‌లో పడ్డట్టు. మన రమ్మీలో ఫుల్ కౌంట్ పడినవాడికి అతను దగ్గరి చుట్టం. పదహారో శతాబ్దం నుంచే ఇంగ్లిష్‌లో ఉంది. అంటే ఓడ కుదుపు కంటే పెద్దది.

ఈ భాషాశాస్త్రమంతా రాత్రి భోజనాల దగ్గర విప్పాను. మా ఇంటామె శ్రద్ధగా విన్నది. అలా వింటుంటేనే నాకు అనుమానం రావాల్సింది.

“అంటే, బతుకమ్మ పండుగకు దిల్‌సుఖ్‌నగర్‌ల చీరెల షాపు ముంగట, గంత జనంల నన్ను రెండు చేతుల సంచులతోటి ఇడిశిపెట్టి, ఇప్పుడే వస్తనని మీరు చాయ్ తాగ వోయిండ్రు సూడుండ్రి, గదేనా?”

“అదే” అన్నాను. అర్థం చెప్పిన పాపానికి ఒప్పుకోక తప్పలేదు.

“మా చెల్లె పెండ్లిల, అప్పగింతల టైంల పేకాట కాడ కూసున్నది?”

“అదీ ఇంచుమించు అదే.”

“మంచి మాట” అంది. ఆ రోజు నుంచి ఆమె ఇంగ్లిష్‌లో వాడే పదాల్లో అత్యంత కచ్చితంగా వాడేది ఇదొక్కటే. నేను సంచి పట్టుకుని వనస్థలిపురం రైతుబజార్‌లో టమాటాల దగ్గర నుంచి కాస్త పక్కకు జరిగితే చాలు, “లర్చా?” అంటుంది. జనం మాకేదో రహస్య భాష ఉందనుకుంటున్నారు.

పుస్తకంలో నేర్చిన మాటను ఒంటికి పట్టించింది మాత్రం సిటీ బస్సు. ఇద్దరం ఎల్బీనగర్‌లో కోఠి బస్సెక్కాం. 2023 డిసెంబర్ 9న ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితం చేసిన మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి మా ఇంటామె జీరో టికెట్ ప్రయాణికురాలు, నేను డబ్బులిచ్చే ప్రయాణికుణ్ని. సీట్లు లేవు. ఆమె ఒక చేత్తో సంచి, ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, కడ్డీ ముట్టకుండా చెల్లెలితో మాట్లాడుతూ నిలబడింది. నేను కడ్డీ పట్టుకునే నిలబడ్డాను. ఒక ఆటో అడ్డం వచ్చింది, బ్రేకు పడింది. ఆమె మాట తెగలేదు. నేను మాత్రం కడ్డీ చుట్టూ అర్ధప్రదక్షిణం చేసి, కూర్చున్న ఒక పెద్దమనిషి ఒళ్లో వాలాను.

“సారీ, బస్సు లర్చ్ అయింది” అన్నాను.

ఆయన నా మొహం దగ్గర ముక్కు పెట్టి వాసన చూసి, “పొద్దుగాల పొద్దుగాలనేనా సార్?” అన్నాడు.

దీనికి సమాధానం న్యూటన్ 1687లోనే రాసి పెట్టాడు. కదిలేది కదులుతూనే ఉండాలనుకుంటుంది. బస్సు ఆగితే నేలతోపాటు కాళ్లు ఆగుతాయి, నడుం పైభాగానికి ఆ కబురు అందేలోపు అది కోఠి వైపు వెళ్లిపోతుంది. కబురు మోసే యంత్రాంగం చెవిలో ఉంది. ఒక్కో చెవి లోపల అర్ధచంద్రాకారపు గొట్టాలు మూడు, తల తిరగడాన్ని కనిపెడతాయి. వాటి పక్కన రెండు చిన్న సంచుల్లో సున్నపు రవ్వలు ఉంటాయి. ముందుకు ఉరికినా, ఆగినా, ఒరిగినా ఆ రవ్వలు జరిగి మెదడుకు చెబుతాయి. ఇదే మా అమ్మకు చెబితే, “చెవుల సున్నం ఉన్నదా? గందుకేనా పెండ్లాం మాట ఇనవడది?” అంది.

మరి మా ఇంటామె ఎలా నిలబడింది? అడిగాను. “బస్సు పోయే దిక్కుకు ఒక కాలు ముంగటికి, ఒకటి ఎనుకకు పెట్టాలె. మోకాళ్లు బిగవట్టద్దు. మీరు ఫొటో దిగనీకి నిలవడ్డట్టు రెండు కాళ్లు దగ్గరవెట్టి నిలవడ్తరు” అంది. అడుగుభాగం వెడల్పైతే బరువు దాని హద్దు దాటదు, పడిపోవడం ఉండదు. భౌతికశాస్త్రంలో దీనికో పాఠం ఉంది. ఆమెకు రోజూ ప్రాక్టికల్సే.

అప్పటి నుంచి నేను ఆఫీసుకు మెట్రోలో వెళ్తున్నాను. ఎల్బీనగర్ నుంచి అమీర్‌పేట దాకా దారి 2018 సెప్టెంబర్ 24న తెరిచారు. అంతకు ముందు ఏడాదే తెరిచిన అమీర్‌పేట–మియాపూర్ ముక్కతో కలిసి ఇటు చివరి నుంచి అటు చివరి దాకా సుమారు 29 కిలోమీటర్లు. చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ దాటుతున్నా కాఫీ గ్లాసు తొణకనంత నెమ్మదిగా వేగం పెరుగుతుంది, తగ్గుతుంది. నాకు మాత్రం ఏదో వెలితి. కష్టపడి నేర్చుకున్న మాటను ఎక్కడా వాడే అవకాశమే లేదు.

ఆ వెలితి స్టేషన్ దిగి మా కాలనీలోకి ఆటోలో మళ్లగానే తీరుతుంది. మా గల్లీలో ఒక స్పీడ్ బ్రేకర్ ఉంది. ఎవరో ఇల్లు కట్టుకోగా మిగిలిన కాంక్రీటును ఒక రాత్రి రోడ్డుకు అడ్డంగా పోసి పుణ్యం కట్టుకున్నారు. రంగు లేదు, బోర్డు లేదు, దయ అసలే లేదు. ఆటో ఎక్కేటప్పుడు తల పైకప్పుకు తగులుతుంది, దిగేటప్పుడు పళ్లు ఒకదానికొకటి తగులుతాయి.

నిజానికి స్పీడ్ బ్రేకర్‌కు ఒక లెక్క ఉంది. 1934లో ఏర్పడిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో దీనికి మార్గదర్శకాలు అచ్చువేసింది. అప్పటి లెక్కలో గుండ్రటి మూపు ఎత్తు 10 సెంటీమీటర్లు, బండి వెళ్లే దిశలో వెడల్పు 3.7 మీటర్లు. అంటే 17 మీటర్ల వ్యాసార్ధం ఉన్న పెద్ద వృత్తం నుంచి పైన చిన్న చెక్క కోసి రోడ్డు మీద బోర్లించిన ఆకారం. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వెళ్లేవాడు ఇబ్బంది లేకుండా దాటాలి, అంతకు మించినవాడికే నడుం గుర్తు రావాలి. నలుపు తెలుపు పట్టీలు వేయాలి, ముందుగానే హెచ్చరిక బోర్డు పెట్టాలి. ఒక రాత్రి నిద్ర పట్టక టేపు, టార్చిలైటు పట్టుకెళ్లి మాది కొలిచాను. ఎత్తు నియమం కంటే ఎక్కువ, వెడల్పు మాత్రం ఒక బారెడు. అంటే అది మూపు కాదు, గోడ. కుక్కలు మొరిగాయి, వాచ్‌మన్ లేచి ‘ఏం పోయింది సార్’ అని అడిగాడు. నడుం పోయిందన్నాను.

సంక్షేమ సంఘానికి దరఖాస్తు రాశాను, ఇంగ్లిష్‌లో. సబ్జెక్ట్ సైటెడ్‌తో మొదలుపెట్టి నీడ్‌ఫుల్‌తో ముగించి, నడుమ నా శక్తినంతా ధారపోసి ‘వెహికిల్స్ ఆర్ లర్చింగ్ డెయిలీ’ అని రాసి కింద గీత గీశాను. ఆదివారం మీటింగులో దాన్ని ఒకాయన గట్టిగా చదివాడు. కళ్లజోడు తెచ్చుకోలేదో ఏమో, ‘వెహికిల్స్ ఆర్ లంచింగ్ డెయిలీ’ అని చదివాడు. మా గల్లీలో బండ్లు ఆపుకుని ఎవరో రోజూ అన్నాలు తింటున్నారని సభ్యులు మండిపడ్డారు. విస్తళ్లు ఎక్కడ పడేస్తున్నారు, చెత్త ఎవరు ఎత్తాలి అని చర్చ జరిగింది. నేను లేచి అర్థం చెప్పేలోపు ‘ఇక్కడ భోజనం చేయరాదు’ అని బోర్డు పెట్టాలని తీర్మానం అయిపోయింది. బోర్డు పెట్టారు. స్పీడ్ బ్రేకర్‌కు కావలసిన బోర్డు స్థలంలోనే అది ఉంది కాబట్టి నా దరఖాస్తు సగం ఫలించిందనే అనుకోవాలి.

ఇక మిగిలింది కారు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. మా ఇంటామె, అమ్మాయి ఇద్దరూ నేర్చుకున్నాక నా వంతు వచ్చింది. ఆటోనగర్‌లో లారీలు తిరిగే దారిలో కాకుండా, నాగోల్ వైపు పొద్దున ఖాళీగా ఉండే రోడ్డు మీదికి నేర్పే కుర్రాడు తీసుకెళ్లాడు. క్లచ్ వదలమన్నాడు, వదిలాను. కారు ముందుకు ఒక్క దూకు దూకి, గుటుక్కున ఆగిపోయింది. వెనక కూర్చున్న మా అమ్మ “రామచంద్రా!” అంది.

“చూశావా, లర్చ్ అయింది” అన్నాను కుర్రాడితో, నేను చేసిన పనికి నేనే పేరు పెడుతున్న గర్వంతో.

“జెర్క్ సార్ అది. హాఫ్ క్లచ్‌ల ఉండాలె. ఒక్కసారే ఇడిశిపెడితె ఎట్ల?” అన్నాడు.

ఆ కుర్రాడే నయంగా వివరించాడు. ఇంజిన్ ఊరికే ఆడుతున్నప్పుడు కూడా నిమిషానికి సుమారు 800 చుట్లు తిరుగుతుంటుంది. చక్రాలేమో నిశ్చలంగా ఉంటాయి. ఆ రెండింటి మధ్య రాయబారం క్లచ్ ప్లేటుది. మెల్లగా వదిలితే ప్లేటు కాసేపు రాపిడిలో జారుతూ ఇద్దరి వేగాల్నీ ఒకటి చేస్తుంది. చటుక్కున వదిలితే తిరిగేదీ తిరగనిదీ ఢీకొంటాయి. కారు దూకుతుంది, ఇంజిన్ చస్తుంది.

ఇంటికొచ్చి, ‘వాళ్లేదో వాడుక భాషలో జెర్క్ అంటారులే’ అన్నాను అమ్మాయితో. అది ఫోన్ తీసింది. భౌతికశాస్త్రంలో స్థానం మారే రేటు వేగం, వేగం మారే రేటు త్వరణం, త్వరణం మారే రేటుకు పేరు జెర్క్. మనిషిని పడగొట్టేది వేగం కాదు, త్వరణం అకస్మాత్తుగా మారడమే. లిఫ్టులు, మెట్రో రైళ్లు తయారుచేసేవాళ్లు ఈ జెర్క్‌కు ఒక హద్దు పెట్టుకుంటారు, కాఫీ తొణకనిది అందుకే. అంటే డ్రైవర్లూ, కండక్టర్లూ, మెకానిక్కులూ ఎన్నాళ్లుగానో అనే ‘జెర్కు’ అచ్చమైన శాస్త్రీయ పదం. బైరన్ ఓడెక్కి నేను పట్టుకొచ్చిన లర్చ్‌కు ఆ యోగ్యత లేదు.

లెక్క తేల్చి చూసుకుంటే మా ఇంట్లో పంపకం ఇలా జరిగింది. మాటలన్నీ మా అమ్మ దగ్గర ఉన్నాయి. కాలు నిలిపే విద్య మా ఇంటామె దగ్గర ఉంది. కావ్యం మా అమ్మాయి దగ్గర, శాస్త్రం కారు నేర్పే కుర్రాడి దగ్గర ఉన్నాయి. నా వాటాకు ఉచ్చారణ వచ్చింది. అదీ సరిగ్గా లేదని మా అమ్మాయి అంటోంది.

అందుకని పాఠకులకు నా విన్నపం. బస్సులో నిలబడితే ఒక కాలు ముందుకు, ఒకటి వెనక్కు పెట్టండి. మోకాళ్లు బిగించకండి. కారు నేర్చుకుంటుంటే క్లచ్ మెల్లగా వదలండి. మీ గల్లీలో ఎవరైనా రాత్రిపూట కాంక్రీటు పోస్తుంటే టేపు పట్టుకుని వెళ్లండి. ఎత్తూ వెడల్పూ కొలవండి, మీద నలుపు తెలుపు పట్టీలు అడగండి. ఒప్పుకోకపోతే సంఘానికి దరఖాస్తు పెట్టండి. దరఖాస్తు మాత్రం తెలుగులో రాయండి.